ఒకటి నుంచి నాలుగుకి

ఆర్డిత్ స్టాంపర్ తాగి కారు నడుపుతోందని మొట్టమొదట అన్నవాడు హాస్కెల్ బోగ్స్. హాస్కెల్ అబద్ధాలాడే మనిషి కాదు, అదే అసలు చిక్కు. మా చర్చిలో పెద్దమనిషి, స్కూలు బోర్డులో మెంబరు. పైగా అతని ఇల్లు మా లోయ మొదట్లో, ఆగమని ఎర్ర పలక పాతిన చోటే ఉంది. అతను వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చున్నాడంటే లోయలోకి వచ్చేపోయే ప్రతి బండీ అతని చెవిలోంచి వెళ్ళాల్సిందే. మా కెంటకీ కొండల్లో బండిని కళ్ళతో చూసి గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. మలుపులెక్కువ, చెట్లు దట్టం. చప్పుడు వినే ఫలానావాడు వస్తున్నాడంటాం, వాడు మలుపు తిరిగేలోగా కాఫీ పెడతాం. వాడికి పెళ్ళాంతో పడుతోందో లేదో కూడా ఆ చప్పుడులోనే చెప్పేస్తాం. మాకంత నమ్మకం మా చెవుల మీద.

హాస్కెల్ విన్నది ఇది. పొద్దున ఆర్డిత్ కారు కొండ దిగి, పలక దగ్గర ఆగి, ఎవరికీ నిద్రాభంగం లేకుండా పట్నం రోడ్డెక్కుతుంది. సాయంత్రం అదే కారు అదే పలక దగ్గర ఆగి, ఒక్కసారి రంకె వేసి కొండెక్కుతుంది. రోజూ ఇదే వరస. పొద్దున సాధువు, సాయంత్రం రౌడీ. మరి ఈ మధ్యలో ఏం జరిగినట్టు? సీసా, అన్నాడు హాస్కెల్. మా కౌంటీలో మందు అమ్మకూడదు. కావాలంటే సరిహద్దు దాటి పక్క కౌంటీకి పోవాలి. దొరకని వస్తువు మీదే ధ్యాస కాబట్టి మా ఊళ్ళో ఎవరు కాస్త తేడాగా కనిపించినా ముందు సీసాయే గుర్తొస్తుంది.

ఇదే మాట ఇంకొకరి గురించి అయితే నాలుగు రోజులు నవ్వుకుని వదిలేసేవాళ్ళం. ఆర్డిత్ స్కూలు బస్సు డ్రైవరు. మా లోయ, పక్క లోయ, వాటి వెనక వాగు వెంట ఉన్న ఇళ్ళు, అక్కడి పిల్లలందరినీ బడికి చేర్చేది ఆవిడే. ఇప్పుడు పిల్లల్ని కన్నవాళ్ళని కూడా ఒకప్పుడు ఆవిడే బడికి చేర్చింది. హాస్కెల్ మనవరాలు టెస్సా కూడా ఆ బస్సే ఎక్కుతుంది. కాబట్టి అతని భయాన్ని నేను తప్పు పట్టను. అతని తొందరనే తప్పు పడతాను.

నా పేరు నెల్డా. ఆ బస్సులో చిన్నపిల్లల్ని ఎక్కించి దించే ఆయాని నేనే. లోయలో ఆర్డిత్ ఇంటికి కాస్త పైన మా ఇల్లు. పొద్దున ఆవిడ కారులోనే బస్సుల షెడ్డుకి పోతాను, సాయంత్రం ఆవిడ కారులోనే వస్తాను. అంటే ఆ రంకె వేసినప్పుడల్లా పక్క సీట్లో ఉన్నది నేను. నన్నెవరూ అడగలేదు.

ఆర్డిత్ వాళ్ళ నాన్న బొగ్గు లారీ నడిపేవాడు. కాళ్ళు పెడళ్ళకి అందీ అందని వయసులోనే కూతుర్ని లారీ ఎక్కించి గేర్లు నేర్పాడు. బరువుతో కొండ దిగేటప్పుడు ఒక్క గేరు ఎగ్గొట్టినా లారీ మన చేతిలో ఉండదని చెప్పేవాడట. ఎక్కేటప్పుడూ వరసే, దిగేటప్పుడూ వరసే. ఆ పిల్లకి అది అన్నం తినడమంత అలవాటైపోయింది. పెద్దయ్యాక బస్సు ఎక్కింది. కొత్త బస్సులకి గేర్లు వాటంతటవే పడతాయి. అవి వచ్చినప్పుడు మిగతా డ్రైవర్లు పండగ చేసుకున్నారు, ఆర్డిత్ మాత్రం వారం రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. "కుడిచెయ్యి దండగైపోయిందే నెల్డా" అనేది.

మధ్యలో పెళ్ళి. మొగుడు రాయిస్ చెడ్డవాడేం కాదు. కొట్టడు, తాగడు, జీతం తెచ్చి ఇంట్లో ఇచ్చేవాడు. కాకపోతే ఆర్డిత్‌కి ఏది మంచిదో ఆర్డిత్ కంటే తనకే బాగా తెలుసని అతని నమ్మకం. హోటలుకి పోతే ఈవిడ నోరు తెరిచేలోగా "ఆవిడకి చికెను" అని చెప్పేసేవాడు. ఎవరైనా "ఎలా ఉన్నావు ఆర్డిత్" అంటే "బాగానే ఉంది" అని అతనే జవాబిచ్చేవాడు. ఇద్దరు పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక, ఒక శనివారం రాయిస్ బట్టలన్నీ శుభ్రంగా ఉతికి, మడతపెట్టి, పెట్టెలో సర్ది వరండాలో పెట్టింది. ఊరంతా నోరెళ్ళబెట్టింది. కొట్టాడా అన్నారు, ఇంకో ఆడదాన్ని మరిగాడా అన్నారు.

"లేదు. నా బదులు మాట్లాడాడు" అంది ఆర్డిత్. ఆ జవాబు మా ఊరికి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ తర్వాతే కారు కొంది. పట్నంలో పాత కార్లమ్మే స్థలంలో చూసింది. ముదురు నీలం, రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, చేత్తో వేసుకునే ఆరు గేర్లు. మనవలున్న మనిషి కొనాల్సిన కారు కాదని అమ్మేవాడి మొహంలోనే కనిపించింది. కొనాలనే తీర్మానానికి సగం కారణం ఆ మొహమే అనుకుంటాను. కాగితాల మీద సంతకం పెట్టి మేమిద్దరం ఎక్కాం. వేడెక్కేదాకా బాగానే నడిచింది. ఊరి చివర సిగ్నలు దగ్గర ఆగి, మొదటి గేరులో మెల్లగా కదిలించి, రెండోదానికని గేరు కర్ర కిందకి లాగింది. కర్ర దారి తప్పింది. ఎవరో మోచెయ్యి పట్టి పక్కకి నెట్టినట్టు జారి నాలుగో గేరులో పడింది. ఎదురుగా అద్దం కింద చిన్న దీపం వెలిగింది. ఒకటి నుంచి నాలుగుకి అని దాని మీద రాసి ఉంది. కారు దగ్గడం మొదలుపెట్టింది.

"ఇదేంటే, దీనికి పిచ్చా?" అని ఆర్డిత్ అక్కడికక్కడే వెనక్కి తిప్పి అమ్మినవాడి ముందు ఆపింది.

"జబ్బు కాదు మేడమ్, దాని గుణమే అంత" అన్నాడు అతను. "కారు ఎంత పెట్రోలు తాగుతుందో సర్కారు పరీక్ష పెడుతుంది కదా. ఎక్కువ తాగితే అదనంగా పన్ను. అందుకని కంపెనీవాళ్ళు ఈ తాళం పెట్టారు. గంటకి పదిహేను ఇరవై మైళ్ళ వేగం మధ్య రెండో గేరుకి పోబోతే, రెండూ మూడూ ఎగ్గొట్టించి నాలుగులో పడేస్తుంది. పెట్రోలు మిగులుతుంది, పరీక్ష పాసవుతుంది."

"పరీక్ష అయిపోయింది కదా. నాకెందుకు చెప్తోంది?"

"దానికి తెలీదు కదా మేడమ్ అయిపోయిందని. అయినా ఎప్పుడూ చెప్పదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు నోరెత్తదు. మీరు కాలితో గట్టిగా తొక్కినా నోరెత్తదు. మెత్తగా తొక్కితేనే."

ఆర్డిత్ కాసేపు కారు ముక్కు వైపు చూసింది. "అంటే మెత్తనివాళ్ళకే చెప్తుంది. గట్టివాళ్ళ జోలికి పోదు."

"అంతే మేడమ్."

"ఇలాంటివాడితో కాపురం చేశాన్లే" అంది. నేను దగ్గు నటించి అటు తిరిగాను.

మా ఊరి మెకానిక్ టోలివర్ విరుగుడు చెప్పాడు. అడుగున ఒక తీగ ఊడదీసి, బొటనవేలంత ప్లగ్గు ఒకటి పెడితే ఆ తాళం ఇక పని చెయ్యదట. ఇలాంటి కారున్నవాళ్ళు చాలామంది అదే చేస్తారట. "మెత్తగా గేరు వెయ్యడాన్ని కుర్రాళ్ళు ముసలమ్మ గేరంటారు మిస్ ఆర్డిత్. ఈ తాళం పట్టుకునేది ఆ ముసలమ్మ గేరునే. ప్లగ్గు పెట్టేస్తాను, హాయిగా ముసలమ్మలా నడుపుకోండి" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు పాపం.

"నేను ముసలమ్మనే టోలివర్. ముసలమ్మ ఎలా వేస్తుందో దానికి నేను చూపిస్తాను" అని తాళంచెవి లాక్కుంది.

పదిహేను దాటకముందే రెండు వేసేసి దాన్ని తప్పించుకోవచ్చు. చదును మీద అలాగే చేసేది. మా లోయ మొదట్లో పలక దాటగానే నిట్టనిలువు ఎత్తు. అక్కడ అంత తొందరగా రెండు వేస్తే ఇంజను మూలుగుతుంది, నాలుగు పడితే ఏకంగా ప్రాణం విడుస్తుంది. అందుకని ఆర్డిత్ అక్కడ కాలు గట్టిగా అదిమి, మొదటి గేరులోనే ఇరవై దాటించి, అప్పుడు ఠీవిగా రెండు వేసేది. ఆ తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగు. పొద్దున ఇంటి నుంచి పలక దాకా అర మైలు కూడా లేదు కాబట్టి కారు ఇంకా చల్లగానే ఉంటుంది, పైగా దారంతా దిగుడే. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి బాగా వేడెక్కి ఉంటుంది. హాస్కెల్ చెప్పిన సాధువూ రౌడీ పుట్టింది ఇక్కడే.

రెండో గేరు పడగానే ఆవిడ పెదవి ఒక పక్కకి లేచేది. రెండేళ్ళు రోజూ చూశాను ఆ పెదవిని.

హాస్కెల్ బోర్డుకి చెప్పాడు. బోర్డు బస్సుల సూపర్‌వైజరు గార్లండ్ స్పర్లాక్‌కి చెప్పింది. గార్లండ్ ఆర్డిత్‌ని పిలిచి గొట్టంలో ఊదమన్నాడు. ఊదింది. ఏమీ లేదు. గొడవ అక్కడితో తీరాల్సింది. "ముందే తెలిసిపోయింది, ఆ రోజు జాగ్రత్తపడింది" అన్నారు జనం. ఆవిడ మధ్యాహ్నం తాగే తియ్యటి టీ ఫ్లాస్కు మీద కూడా కథలు పుట్టాయి. తేలేదాకా బస్సు ఎక్కవద్దన్నాడు గార్లండ్. ఆవిడ సీట్లో ఇంకో మనిషి కూర్చున్నాడు. పిల్లలు ఎక్కుతూ అతని మొహం చూసి, వెనక్కి తిరిగి నా మొహం చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఒసేయ్, ఆ ప్లగ్గేదో పెట్టించుకోవే" అన్నాను ఆర్డిత్‌తో. వాళ్ళ వంటింట్లో కూర్చుని ఉన్నాం. పొయ్యి మీద బీన్సు ఉడుకుతున్నాయి, ఆవిడ మొక్కజొన్న రొట్టెకి పిండి కలుపుతోంది. "చప్పుడు పోతుంది, మాట పోతుంది, బస్సు తిరిగొస్తుంది."

"చప్పుడు పోతే ఏమంటారో తెలుసా? మందు మానేసిందంటారు."

అది నిజమే మరి.

"పోనీ వెళ్ళి కారు సంగతి చెప్పు. తాళం గురించి చెప్పు."

"అడిగితే చెప్తాను." పిండి గిన్నెని ఠక్కున బల్ల మీద పెట్టింది. "ముప్పై ఏళ్ళుగా వాళ్ళ పిల్లల్ని మంచులో, వరదలో మోశాను నెల్డా. నేను తాగుతానని మాట్లాడుకోవడానికి తీరిక దొరికింది, నన్ను అడగడానికి దొరకలేదా? వాళ్ళ గుమ్మాలెక్కి నేను తాగను బాబూ అని చెప్పుకోమంటావా? చచ్చినా చెప్పుకోను."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం నేను అప్పుడు చూశాను. వెంటనే ఉల్లిపాయ అందుకుని కొయ్యడం మొదలుపెట్టింది, నేను చూసింది చెల్లకుండా.

చివరికి అడిగింది గార్లండే. అతనూ ఒకప్పుడు బస్సు నడిపినవాడే. ఒక సాయంత్రం షెడ్డుకి పిలిపించి, "ఆర్డిత్, ఆ పలక దగ్గర నువ్వేం చేస్తావో నాకు చూపించు" అన్నాడు.

"ఎక్కు" అంది. నేను అడక్కుండానే వెనక సీట్లో దూరాను. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత ఇరుకు అది.

పలక దగ్గర ఆగాం. హాస్కెల్ వరండాలోనే ఉన్నాడు. గార్లండ్ తలుపు పిడి గట్టిగా పట్టుకుని, "నిదానంగా పోనీ. ముసలమ్మలాగా" అన్నాడు.

"నీ మాటే కానీ" అని ఆర్డిత్ మెత్తగా తొక్కింది. కారు ఎత్తు ఎక్కసాగింది. కర్ర కిందకి లాగింది. దీపం వెలిగింది. కర్ర జారి నాలుగులో పడింది. కారు ఒళ్ళంతా వణికి, నాలుగు దగ్గులు దగ్గి, ఎత్తు మధ్యలో చతికిలబడింది. హాస్కెల్ ఉయ్యాల దిగి కటకటాల దగ్గరికొచ్చాడు.

"చూశావా గార్లండ్? గేరు కూడా సరిగ్గా వెయ్యలేకపోతోంది" అన్నాడు అక్కణ్ణుంచే.

ఆర్డిత్ అద్దాలు చూసుకుంటూ కారుని జాగ్రత్తగా వెనక్కి, పలక దాకా దించింది. పూర్తిగా ఆపింది. ఈసారి కాలు అదిమింది. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, కొండ మారుమోగింది. రెండో గేరు పడింది.

"స్పీడు ముల్లు చూడు గార్లండ్. ఎంతుంది?"

"ఇరవై రెండు." అతను వంగి మళ్ళీ చూశాడు. "ఇంత గోలకి ఇరవై రెండేనా?"

"ఇక్కడ ముప్పై అయిదు దాకా పోవచ్చని కౌంటీవాళ్ళే బోర్డు పెట్టారు."

మా ఇంటి దాకా వచ్చేలోగా తాళం సంగతి, దీపం సంగతి, చల్లదనం, వేడి, అన్నీ చెప్పింది. గార్లండ్ మొదట ఊఁ కొట్టాడు, తర్వాత కిటికీ వైపు తిరిగి కడుపు పట్టుకుని నవ్వాడు. "పొద్దున చల్లగా ఉంటుంది కాబట్టి నోరెత్తదు. ఓరి నాయనో. మేం నువ్వు మధ్యాహ్నం తాగుతున్నావనుకున్నాం."

"మీరేమనుకున్నారో నాకు తెలుసు" అంది ఆర్డిత్. ఆవిడ నవ్వలేదు.

బోర్డు స్కూలు భోజనాల గదిలో కూర్చుంది. అయిదుగురు మెంబర్లు, పిల్లల కోసం చేసిన పొట్టి బల్లల వెనక మోకాళ్ళు ఇరికించుకుని. ఎదురుగా సగం ఊరు. గార్లండ్ లేచి తను చూసింది చెప్పాడు. అధ్యక్షుడు లోగన్, మందుల షాపాయన, గొంతు సవరించుకున్నాడు. ఇదంతా చిన్న పొరపాటని, ఆర్డిత్ సోమవారం నుంచి బస్సు ఎక్కవచ్చని అన్నాడు. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

"అయితే మిస్ ఆర్డిత్, మళ్ళీ ఎవరూ అపార్థం చేసుకోకుండా, ఆ ప్లగ్గు ఏదో ఉందటగా, అది పెట్టించుకోండి. దానికి ఒప్పుకుంటే ఇక్కడితో ముగించేద్దాం."

"ఒప్పుకోను" అంది ఆర్డిత్.

నేను కళ్ళు మూసుకున్నాను. చేతికొచ్చిన బస్సు జారిపోతోందని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అంత చిన్నదానికి పట్టుదల ఎందుకండీ" అన్నాడు లోగన్.

ఆవిడ హాస్కెల్ వైపు తిరిగింది. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. "హాస్కెల్, నువ్వు చప్పుడు విన్నావు. అది ఒకటి. తాగుబోతన్నావు. అది నాలుగు. మధ్యలో వెయ్యాల్సినవి రెండున్నాయి. నన్నొక ప్రశ్న వెయ్యాలి. నా గుమ్మం వైపు ఒక అడుగు వెయ్యాలి. అర మైలు కూడా లేదు మా ఇల్లు. నా కారుకి తాళం ఉంది కాబట్టి ఎగ్గొట్టింది. నీకేం ఉంది?"

హాస్కెల్ మొహం ఎర్రబడింది. "నా మనవరాలు ఎక్కుతుంది ఆర్డిత్ ఆ బస్సు. భయమేసింది."

"భయమేస్తే మనిషి ముందు అడుగుతాడు. నువ్వు అడగలేదు. ఇప్పుడు అడుగు."

"ఏం అడగను?"

"ఆ పలక దగ్గర ఎందుకంత చప్పుడు చేస్తావని. అందరూ వింటున్నారు, అడుగు."

హాస్కెల్ చేతులు బల్ల మీద పెట్టి, వాటి వైపు చూస్తూ అడిగాడు. "ఎందుకంత చప్పుడు చేస్తావు ఆర్డిత్?"

"నాకిష్టం" అంది.

లోగన్ ముందుకి వంగాడు. "అంటే, ఆ తాళం వల్ల కాదా?"

"తాళం ఉన్నమాట నిజమే. ప్లగ్గు పెడితే పోతుంది, అదీ నిజమే. రోజుకి ఒక్కసారి అది నన్ను దాని దారిన పొమ్మంటుంది, నేను నా దారిన పోతాను. నాకది ఇష్టం. రోజంతా మీ పిల్లలతో మెత్తగా ఉంటాను. ఒక్క నిముషం గట్టిగా ఉంటాను. అదీ చట్టానికి లోబడే ఉంటాను. నా బస్సు నాకిస్తే ఇవ్వండి. నా కారు గురించి మీకు మాటివ్వను."

సగం ఊరు ముందు నిలబడి అరవై దగ్గరపడుతున్న ఆడది నాకిష్టం అనడం మా భోజనాల గదిలో అదే మొదటిసారి. నా ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. వెనక బెంచీ మీద ఎవరో చప్పట్లు కొట్టబోయి, పక్కావిడ చూసేసరికి మానేశారు.

షరతు లేకుండా ఇద్దామనేవాళ్ళు చేతులెత్తండి, అన్నాడు లోగన్, తన చెయ్యి తనే ముందెత్తి. నాలుగు చేతులు లేచాయి. హాస్కెల్ చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. ఈ మాట పుట్టిన దగ్గర్నుంచీ టెస్సాని అతనే తన బండిలో బడికి దింపుతున్నాడు. ఇప్పుడేం చెయ్యాలో తెలియక కూర్చున్న మొహం అది.

ఆర్డిత్ కోటు తొడుక్కుని అతని ముందు ఆగింది.

"సోమవారం పొద్దున టెస్సాని పలక దగ్గర నిలబెట్టు హాస్కెల్. ఆలస్యమైతే ఆగను" అంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆగుతాన్లే. పిల్లేం చేసింది."